తొలి రికార్డ్‌లో వినపడే సౌండ్ ఎవరిది, బ్యాండ్‌దా ప్రొడ్యూసర్‌దా?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీ బ్యాండ్స్‌తో ఎప్పుడు కూర్చున్నా ఒకటే బాధ వినపడుద్ది. ఫెస్ట్‌లో స్టేజీ ఎక్కితే జనం ఊగిపోయారన్నా, అదే పాట రూమ్‌లో రికార్డ్ చేసి ఫోన్‌లో వింటే మాత్రం ప్రాణం లేదన్నా, ఎవరో వేరేవాళ్ళు వాయించినట్టుంది అంటారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఏ మైక్ కొనాలి, ఏ ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే డబ్బా) కొనాలి, ఏ ప్లగిన్ (సౌండ్ మార్చే సాఫ్ట్‌వేర్) వాడాలి అని. కొనండి, తప్పులేదు, కానీ అంతకంటే ముందు దొరకబుచ్చుకోవాల్సింది ఒక మనిషిని. బ్యాండ్‌లో వాయించని మనిషి, పాట మీద ఇష్టం ఉండి ఎవరి గిటార్ పార్ట్ దగ్గరా మొహమాటపడని మనిషి. రాక్‌లో మనం ప్రాణంలా చూసుకునే తొలి ఆల్బమ్స్ చాలావాటి వెనకాల అలాంటివాళ్ళున్నారు, వాళ్ళే రికార్డ్ ప్రొడ్యూసర్లు. వాళ్ళు అసలేం చేస్తారో, బ్యాండ్ సౌండ్ అని మనం అనుకునేదాంట్లో వాళ్ళ వాటా ఎంతో కాస్త వివరంగా చెప్దామని ఇది రాస్తున్నా.

మనం పెరిగింది సినిమా పాటలతో కదా. అక్కడ ట్యూన్ కట్టేదీ, వయొలిన్ ఎక్కడ రావాలో ఎక్కడ ఆగాలో చెప్పేదీ, సింగర్‌తో పాడించుకునేదీ అంతా మ్యూజిక్ డైరెక్టరే. రాక్ బ్యాండ్ దగ్గరకొస్తే ట్యూన్ వాళ్ళదే, మాటలు వాళ్ళవే, వాయించేదీ పాడేదీ వాళ్ళే, ఇంక బయటివాడికి పనేముంది అనిపిస్తది. మైకులు పెట్టి లెవెల్స్ చూసుకోడానికి రికార్డింగ్ ఇంజినీర్ ఉన్నాడు, ట్రాకులన్నీ కలిపి తూకం కుదర్చడానికి మిక్సింగ్ ఇంజినీర్ ఉన్నాడు, చివర్లో ఆ మిక్స్‌ని విడుదలకి సిద్ధం చేసే మాస్టరింగ్ మనిషి ఉన్నాడు. ప్రొడ్యూసర్ వీళ్ళందరికన్నా ముందొచ్చి అందరికన్నా చివర్లో వెళ్తాడు. ఉన్న పాటల్లో ఏది రికార్డ్ చెయ్యాలి, ఏ స్పీడ్‌లో, ఏ శృతిలో, ఏ గదిలో, ఏ టేక్ (ఒకసారి వాయించి పాడిన రికార్డింగ్) ఉంచాలి, ఇంక చాలు అని ఎప్పుడు లేవాలి, ఇవన్నీ ఆయన తేల్చాలి. మన దగ్గర చిన్న స్టూడియోల్లో ఒకే మనిషి ఇవన్నీ చేస్తాడు కాబట్టి ఏ పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలీదు, ఎక్కువసార్లు అందులో ఈ తేల్చే పనే ఎవరూ చెయ్యకుండా మిగిలిపోద్ది.

అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్ళో సన్ అని ఒక చిన్న స్టూడియో, దాని యజమాని శామ్ ఫిలిప్స్. 1954 జూలై 5న అక్కడ 19 ఏళ్ళ ఎల్విస్ ప్రెస్లీ, గిటార్ మీద స్కాటీ మూర్, పెద్ద నిలువు బేస్ మీద బిల్ బ్లాక్, ముగ్గురే, డ్రమ్స్ అసలు లేవు. స్లో పాటలు ప్రయత్నిస్తున్నారు, ఏదీ కుదరలా. మధ్యలో కాస్త గాలి పీల్చుకుందామని ఆగినప్పుడు ఎల్విస్ ఊరికే ఆర్థర్ క్రూడప్ పాడిన పాత బ్లూస్ పాటొకటి అందుకుని గెంతులేస్తూ పాడటం మొదలెట్టాడు, మిగతా ఇద్దరూ కలిశారు. కంట్రోల్ రూమ్‌లోంచి ఫిలిప్స్ అది విని, మీరేం చేస్తున్నారు అని అడిగి, మళ్ళీ మొదట్నుంచీ చెయ్యమని టేప్ తిప్పాడు. ఎల్విస్ మొదటి రికార్డ్ అదే. ఫిలిప్స్ పాట రాయలా, ట్యూన్ ముట్టుకోలా, సరదాకి పాడుతున్నదే అసలు సరుకని గుర్తుపట్టాడు. ఆ గుర్తుపట్టడం బ్యాండ్‌లో ఉన్నవాళ్ళకి కష్టం, ఎందుకంటే కష్టపడి నేర్చుకుందే గొప్పగా అనిపిస్తది, తేలిగ్గా వచ్చేదానికి విలువ ఇవ్వరు. ఇంకో టేప్ మెషీన్ కలిపి గొంతు వెనకాల సెకనులో పదో వంతుకు అటూ ఇటూగా ఒకే ఒక్క ఎకో వచ్చేట్టు చేసే పద్ధతి కూడా సన్ రికార్డులకి గుర్తుగా మిగిలింది, కానీ నాకు మాత్రం ఫిలిప్స్ గొప్పతనం ఆ ఎకో కంటే ఆ చెవిలోనే ఉందనిపిస్తది.

ఒకే పాట, ఒకే గాయకుడు, గది మారితే ఏమవుద్దో చూడాలంటే బడ్డీ హాలీ. 1956లో నాష్‌విల్‌లో డెక్కా కంపెనీ అతనితో చేయించిన రికార్డింగుల్లో ఒక పాట ఎవరికీ పట్టలా. అదే పాటని 1957 ఫిబ్రవరిలో న్యూ మెక్సికోలోని క్లోవిస్ అనే చిన్న ఊళ్ళో, నార్మన్ పెట్టీ స్టూడియోలో, తన సొంత కుర్రాళ్ళతో మళ్ళీ రికార్డ్ చేస్తే ఆ ఏడాదే అమెరికాలో నంబర్ వన్ అయ్యింది. తేడా ఎక్కడుందంటే పెట్టీ గంటల లెక్కన కాకుండా పాట లెక్కన డబ్బు తీసుకునేవాడు, అందుకని గడియారం చూస్తూ వాయించే భయం పోయింది, డ్రమ్స్ బదులు మోకాళ్ళ మీద చేతులతో కొట్టి రికార్డ్ చేసిన పాట కూడా అక్కడ్నుంచే వచ్చింది. గంటకింత అని మీటర్ తిరుగుతుంటే ఎవరు అలాంటివి ప్రయత్నిస్తారు చెప్పండి. మన దగ్గర కూడా స్టూడియోతో బేరం మాట్లాడేటప్పుడు గంటకి ఎంత అని కాకుండా పాటకి ఎంత అని అడగమని నేను అందరికీ చెప్తా.

బీటిల్స్ సంగతి చాలామందికి తెలిసిందే కాబట్టి రెండే విషయాలు చెప్తా. వాళ్ళ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ రాక్ మనిషి కాదు, లండన్‌లో గిల్డ్‌హాల్ అనే సంగీత పాఠశాలలో క్లాసికల్ చదువుకుని ఓబో వాయించినవాడు, కామెడీ రికార్డులు చేసినవాడు. 1962లో వాళ్ళు నిదానంగా, దిగులుగా పాడుకొచ్చిన ఒక పాట విని స్పీడ్ పెంచమన్నాడు. నవంబర్‌లో ఆ స్పీడ్‌లోనే రికార్డ్ చేశారు, వాళ్ళ మొదటి పెద్ద హిట్ అదే, ఆ ఉరకలేసే సౌండే తర్వాత రెండేళ్ళు బీటిల్స్ అంటే గుర్తొచ్చే సౌండ్ అయ్యింది. రెండోది, 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో మొదటి ఆల్బమ్‌కి కావాల్సిన 10 పాటలు చేశారు. వాళ్ళలో పాడే జాన్ లెనన్‌కి జలుబు, గొంతు సగం పోయింది. గొంతు చించుకుని అరవాల్సిన పాటని మార్టిన్ కావాలనే అన్నిటికన్నా చివరికి పెట్టాడు, ముందే పాడిస్తే మిగతావాటికి గొంతు మిగలదు కదా. ఆ చివరి పాట ఒకే టేక్‌లో అయిపోయింది, ఇంకోటి ప్రయత్నిస్తే గొంతు పలకలేదు. ఆ పాటలో మనం వినే బొంగురు, ఆ తెగింపు, సగం జలుబుది, సగం ఆ రోజు పాటల వరస వేసిన మనిషిది. రెండు ట్రాకుల మెషీన్ మీద చేశారు ఇదంతా, ఇప్పుడు మన ఫోన్‌లో ఉండే ఉచిత యాప్‌కి అంతకన్నా ఎక్కువ ట్రాకులుంటాయి.

దీన్ని మన ఊరికి తెచ్చి చూద్దాం. మొన్నామధ్య మొగల్రాజపురంలో ఒక ఇంటి మేడ మీద గదిలో, గుంటూరు వైపు ఇంజినీరింగ్ కాలేజీలో చదివే నలుగురు కుర్రాళ్ళ పాట రికార్డింగ్ జరుగుతుంటే పక్కన కూర్చున్నా. రెండు గిటార్లూ ఫుల్ గెయిన్ మీద (ఆంప్లిఫయర్‌లో గిటార్‌ని గరగరలాడించే నాబ్ చివరిదాకా తిప్పి) ఒకే పవర్ కార్డ్స్ (రెండు స్వరాలు కలిపి కొట్టే బరువైన మోత) వాయిస్తున్నాయి. స్టేజీ మీద అది గోడలు కదిలేట్టు ఉంటది, ఎందుకంటే అక్కడ ఆ సౌండ్ ఒంటికి తగులుద్ది. రికార్డింగ్‌లో ఒంటికి తగిలేదేమీ లేదు, గెయిన్ పెరిగేకొద్దీ గిటార్ గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా ఒకేలా నొక్కుకుపోయి, తీగ మీద పడే దెబ్బ మాయమై, బుస్సుమనే మోత మిగులుద్ది. రికార్డ్ చేస్తున్నవాళ్ళు గెయిన్ సగానికి తగ్గించారు. కుర్రాడి మొహం వాడిపోయింది, పవర్ పోయిందన్నా అన్నాడు. అదే పార్ట్ ఇంకోసారి వాయించమని, మొదటిది ఎడమ పక్కకీ రెండోది కుడి పక్కకీ పెడితే రెండింటి మధ్య వచ్చే ఆ వెంట్రుకవాసి తేడాల వల్ల సౌండ్ ఒక్కసారిగా గది అంత వెడల్పయ్యింది. కాపీ పేస్ట్ చేస్తే ఈ వెడల్పు రాదు, మళ్ళీ వాయించాల్సిందే.

కానీ ఆ పాటలో అసలు విషయం గిటార్లు కావు. రెండో చరణంలో సింగర్ గొంతు తగ్గించి దాదాపు మాట్లాడుతున్నట్టు పాడతాడు, అక్కడ ఒళ్ళు జలదరించిద్ది, కానీ వెనక రెండు గిటార్ల హోరులో అది స్టేజీ మీద ఎప్పుడూ ఎవరికీ వినపడలేదు, వాళ్ళకి కూడా తెలీదు అది తమ దగ్గరున్న బంగారమని. అక్కడ ఒక గిటార్ తీసేశారు, శృతి రెండు సెమీటోన్లు (కీబోర్డ్ మీద రెండు మెట్లు) దించారు, డ్రమ్మర్ని స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) మధ్యలో కొట్టడం వదిలేసి దాని రిమ్ (అంచు) మీద కొట్టమన్నారు. ఆ డ్రమ్మర్ చర్చిలో వాయించి నేర్చుకున్న పిల్లాడు, మెల్లగా వాయించడం ఎంత కష్టమో తెలిసినవాడు, ఒక్కసారి చెప్తే పట్టుకున్నాడు. పాటలో కొత్తగా కలిపింది దాదాపు ఏం లేదు, అన్నీ తీసేసినవే. చివర్లో వినిపిస్తే ఆ సింగర్ చాలాసేపు ఏం మాట్లాడలా, ఇది నేనేనా అని మాత్రం అన్నాడు. తొలి రోజుల్లో ఒక బ్యాండ్‌కి ఎవరైనా చేయగలిగిన గొప్ప మేలు ఇదేనని గట్టిగా నమ్ముతా, వాళ్ళ దగ్గర ఆల్రెడీ ఉన్నదాన్ని కప్పేస్తున్నవి పక్కకి తీయడం.

ఇంక గది గురించి చెప్పాలి, ఇది మనవాళ్ళు అస్సలు పట్టించుకోరు. గాలిలో శబ్దం సెకనుకి 343 మీటర్లు పోద్ది, అంటే సుమారుగా ఒక అడుగుకి ఒక మిల్లీసెకను. పది అడుగుల దూరంలో గోడ ఉంటే వెళ్ళి తిరిగి రావడానికి 18 మిల్లీసెకన్లు. మన ఇళ్ళల్లో కింద టైల్స్, చుట్టూ నున్నటి ప్లాస్టరింగ్, పైన స్లాబ్, అన్నీ గట్టివే, శబ్దం ఎక్కడా ఇంకదు, గోడల మధ్య బంతిలా కొట్టుకుంటా ఉంటది. పైగా పది అడుగుల వెడల్పు గదిలో గోడల మధ్య నిలిచిపోయే మొదటి ఫ్రీక్వెన్సీ లెక్కేస్తే 56 హెర్ట్జ్ వచ్చిద్ది. బేస్ గిటార్‌లో 'A' అనే స్వరానికి కట్టిన తీగని ఎక్కడా నొక్కకుండా మీటితే 55 హెర్ట్జ్, అంటే దాదాపు అదే. గది పొడవు పది, వెడల్పు పది, ఎత్తు కూడా పదే అయితే మూడు వైపులా అదే ఫ్రీక్వెన్సీ పోగవుద్ది, ఆ ఒక్క స్వరం వచ్చినప్పుడల్లా గది గుమ్మని మోగుద్ది, పక్క స్వరానికి మాయమైపోద్ది. బేసిస్ట్ ఏమో నా వేళ్ళే సరిగ్గా లేవేమో అని కుమిలిపోతుంటాడు, తప్పు వాడిది కాదు, గదిది. చతురస్రం గది వదిలేసి పొడుగాటి హాల్లోకి వెళ్ళడం, మూలల్లో పరుపులూ దిండ్లూ బొంతలూ పెట్టడం, ఆంప్‌ని గోడకి దూరంగా జరపడం, ఇవి ఏ ప్లగిన్‌కీ సాధ్యంకాని పనులు. ఇది చెప్పడం కూడా ప్రొడ్యూసర్ పనే.

పాత రేడియో రోజుల్లో ఈ జ్ఞానం అందరికీ ఉండేది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. ఒకటి రెండు మైకులతో లలిత సంగీతం రికార్డ్ చేసే రోజుల్లో ఎవరు మైక్‌కి ఎంత దూరంలో కూర్చోవాలన్నదే మిక్సింగ్. వయొలిన్ ఎక్కువైతే ఫేడర్ (లెవెల్ తగ్గించే మీట) దించడం ఉండదు, మనిషే వెనక్కి జరగాలి.

గది గట్టిగా మోగడం ఎప్పుడూ చెడ్డదే అనుకోకండి, దాన్నే బ్యాండ్ సౌండ్‌గా మార్చినవాళ్ళున్నారు. 1980లో ఐర్లండ్ రాక్ బ్యాండ్ యూటూ మొదటి ఆల్బమ్‌కి స్టీవ్ లిలీవైట్ ప్రొడ్యూసర్. డబ్లిన్ విండ్‌మిల్ లేన్ స్టూడియోలో డ్రమ్స్‌ని లోపలి గదిలో కాకుండా బయట మెట్ల దగ్గర పెట్టించి రికార్డ్ చేశాడు. ఆ మెట్లదారి మోత వల్లే ఇంకా పేరులేని కుర్రాళ్ళ డ్రమ్స్ అంత పెద్దగా వినపడ్డాయి. మన అపార్ట్‌మెంట్లలో గ్రానైట్ మెట్లదారులు ఎన్ని లేవు, ఒకసారి కింద నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. డ్రమ్స్ పెడితే అసోసియేషన్ వాళ్ళు ఊరుకోరు కానీ కోరస్ గొంతులు అక్కడ ఒకసారి రికార్డ్ చేసి చూడొచ్చు.

సరిగ్గా దీనికి ఎదురుగా నిలబడే మనిషి ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్. 1979 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెర్రీ స్టూడియోలో జాయ్ డివిజన్ అనే బ్యాండ్ మొదటి ఆల్బమ్ చేశాడు. స్టేజీ మీద వాళ్ళు మంట, గిటార్ దూసుకొచ్చేది. హానెట్ ఆ మంటని ఆర్పేశాడు. డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్‌తో ఒక్కో డ్రమ్‌ని విడివిడిగా వాయింపించాడు, ఒకదాని చప్పుడు ఇంకోదాని మైక్‌లోకి పోకూడదని. అప్పుడే వచ్చిన డిజిటల్ డిలే (శబ్దాన్ని కాస్త ఆలస్యంగా మళ్ళీ వినిపించే పరికరం) వాడి ప్రతి దెబ్బ చుట్టూ ఖాళీ జాగా సృష్టించాడు, లిఫ్ట్ చప్పుడు, గాజు పగిలిన చప్పుడు కూడా కలిపాడు. గిటార్ వాయించిన బెర్నార్డ్ సమ్నర్‌కి, బేస్ వాయించిన పీటర్ హుక్‌కి ఆ రికార్డ్ వింటే ఒళ్ళు మండింది, ఇది మేము కాదు అన్నారు. కానీ విన్న జనానికి ఆ చలి, ఆ ఖాళీనే జాయ్ డివిజన్. ఏళ్ళు గడిచాక ఆ సౌండ్ హానెట్ సృష్టేనని హుక్ కూడా ఒప్పుకున్నాడు.

ఉన్నదాన్ని బయటికి తీయడమే మేలు అని పైన అన్నాను కదా, హానెట్ దగ్గర ఆ మాట పూర్తిగా నిలబడదు, ఇది నన్ను చాన్నాళ్ళు ఇబ్బంది పెట్టిన ప్రశ్న. హానెట్ లేనిది తెచ్చి పెట్టాడా? ఇప్పుడు నేననుకునేది ఏంటంటే, వాళ్ళ సింగర్ ఇయాన్ కర్టిస్ రాసిన మాటల్లో ఆ ఒంటరితనం ముందే ఉంది, గిటార్ల జోరులో అది వినపడలేదు, హానెట్ బ్యాండ్ వాయించేదాన్ని వదిలేసి పాట చెప్పేదాన్ని పట్టుకున్నాడు. సమ్నర్‌కీ హుక్‌కీ నచ్చకపోవడంలో కూడా న్యాయం ఉంది, తమ చేత్తో వాయించింది తమకే పరాయిగా వినపడితే ఎవరికి మాత్రం బాగుంటది. ఇంకో విషయం చూడండి, 1980లోనే యూటూకి ఒక సింగిల్ చేసింది ఇదే హానెట్. ఆల్బమ్‌కి కూడా ఆయనే ఉండుంటే ఆ బ్యాండ్ ఎలా వినపడేదో ఊహించుకోవడానికి ఆ సింగిల్ ఒకటి మనకి మిగిలింది.

ప్రొడ్యూసర్ మారితే ఏమవుద్దో తేటతెల్లంగా కనపడేది మాత్రం అమెరికా రాక్ బ్యాండ్ నిర్వాణ దగ్గర. పాటలు రాసేవాడు మారలా, గొంతు మారలా, నాలుగైదేళ్ళలో ముగ్గురి చేతుల్లోంచి మూడు ఆల్బమ్స్ వచ్చాయి. మొదటిది 1989లో. సియాటిల్‌లో చిన్న స్టూడియో, 8 ట్రాకుల మెషీన్, జాక్ ఎండినో దగ్గరుండి చేశాడు, మొత్తం ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు, పని గంటలు 30. అంత తక్కువ టైమ్‌లో అలంకారాలకి చోటేది, వాయించారు, పట్టుకున్నాడు, అంతే. ఆ ఆల్బమ్‌లో బరువూ బురదా ఉన్నాయి, ట్యూన్లు కూడా ఉన్నాయి కానీ అడుగున ఉన్నాయి.

1991లో బుచ్ విగ్ వచ్చాడు, లాస్ ఏంజెలెస్ దగ్గర సౌండ్ సిటీ స్టూడియో, డ్రమ్స్ మీద కొత్తగా డేవ్ గ్రోల్. విగ్ కనిపెట్టింది ఏంటంటే వాళ్ళ సింగర్ కర్ట్ కొబేన్ అరుపు కింద దాక్కున్నది అచ్చమైన పాప్ ట్యూన్. దాన్ని పైకి తేవాలంటే గొంతు రెండుసార్లు పాడించి ఒకదానిమీద ఒకటి పెట్టాలి, కొబేన్‌కేమో అది దొంగపనిలా అనిపించేది, ఒప్పుకోడు. జాన్ లెనన్ కూడా ఇలాగే చేశాడు అని విగ్ చెప్పాడు. లెనన్ అంటే కొబేన్‌కి ప్రాణం, ఇంక పాడాడు. (నిజానికి రెండోసారి పాడటం విసుగనిపించే ఆ లెనన్ కోసమే 1966లో ఈఎంఐ రికార్డ్ కంపెనీ స్టూడియోలో కెన్ టౌన్‌సెండ్ అనే ఇంజినీర్ ఒక్క గొంతునే టేప్ సాయంతో రెండు చేసే పద్ధతి కనిపెట్టాడు.) టెక్నిక్ అందరికీ తెలుసు, ఏ మనిషికి ఏ మాట చెప్తే తలుపు తెరుచుకుంటదో తెలియడమే విగ్ పనితనం.

అదే ఆల్బమ్ చివర్లో ఒక నిదానమైన పాట ఉంది. బ్యాండ్ మొత్తం వాయిస్తే కుదరలా. కొబేన్ కంట్రోల్ రూమ్‌లో సోఫా మీద పడుకుని, పాత గిటార్ మీద గుసగుసలా పాడి, ఇలా ఉండాలి అన్నాడు. విగ్ వెంటనే ఏసీ ఆపించి, ఫోన్ తీగ పీకేసి, ఆ సోఫా దగ్గరే మైకులు పెట్టి రికార్డ్ చేసేశాడు, బేసూ డ్రమ్సూ ఆ తర్వాత దానిమీద కలిపారు. మే నెలలో బెజవాడలో ఫ్యానూ ఏసీ ఆపేసి, చెమటలు కారుతూ, కింద రోడ్డు మీద ఆటో హారన్ ఎప్పుడు మోగుద్దో అని ఊపిరి బిగబట్టి పాడిన ప్రతివాళ్ళకీ ఆ సీన్ కళ్ళకి కట్టినట్టు కనపడుద్ది. అంతకు దాదాపు నలభై ఏళ్ళ ముందు శామ్ ఫిలిప్స్ చేసింది కూడా దాదాపు ఇదే.

ఆ ఆల్బమ్ ప్రపంచం మొత్తం తిరిగింది. తర్వాత కొబేన్‌కి అది మరీ నునుపుగా ఉందనిపించింది, మిక్స్ చేసిన ఆండీ వాలెస్ చేతి నిగనిగ కూడా అందులో ఉంది మరి. అందుకని 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటాలో స్టీవ్ ఆల్బీని దగ్గరికెళ్ళారు. ఈయన తనని ప్రొడ్యూసర్ అని పిలవనిచ్చేవాడు కాదు, రికార్డ్ చేసింది ఫలానా అని మాత్రం వేయించుకునేవాడు. బ్యాండ్ గదిలో ఎలా మోగుతుందో అలాగే పట్టడం తన పని, మార్చడం కాదు అనేవాడు. కానీ అదీ ఒక నిర్ణయమే, డ్రమ్స్ చుట్టూ దూరంగా మైకులు పెట్టి గదిని వినిపించడం, గొంతుని వాయిద్యాల మధ్యలోకి దించడం, ఇవి ఎవరో ఒకరు ఎంచుకుంటేనే జరుగుతాయి. కంపెనీకి నచ్చలా, బ్యాండ్‌కి కూడా అనుమానాలొచ్చాయి, రెండు పాటల్ని స్కాట్ లిట్ చేత మళ్ళీ మిక్స్ చేయించారు. మూడు ఆల్బమ్సూ వరసపెట్టి హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఒక్క స్నేర్ డ్రమ్‌నే గమనించండి. మూడూ నిర్వాణే, కానీ ముగ్గురు చూసిన నిర్వాణ.

తెలుగులో రాక్ చేసేవాళ్ళకి ఇంకో చిక్కుంది, దీనికి బయట ఏ పుస్తకంలోనూ సమాధానం దొరకదు. మన భాషలో హ్రస్వం దీర్ఘం అర్థాన్నే మార్చేస్తాయి. కోరస్‌లో పొడుగాటి పై స్వరం నది అనే మాటలో మొదటి అక్షరం మీద పడిందనుకోండి, వినేవాడికి నాది అని వినపడుద్ది. రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క) ముందు కట్టేసుకుని, దానిమీద మాటలు కూర్చేసి, సింగర్ని అరవమంటే ఇదే జరుగుద్ది, పాట మొత్తం ఇంగ్లిష్ యాసలో తెలుగులా ఉంటది. సాగదీసే స్వరాన్ని దీర్ఘం మీదకి జరపడం, ఒత్తు ఉన్న అక్షరాన్ని స్నేర్ దెబ్బ మీద పడేట్టు చూడటం, ఈ పని రికార్డింగ్‌కి ముందే ఎవరో ఒకరు కూర్చుని చెయ్యాలి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన నాజర్ బుర్రకథ ఒక్కసారి వినండి, డక్కీలు మోగుతుంటే ఆ ఆవేశంలో, ఆ వేగంలో ఒక్క మాట కూడా నలగదు. హోరు మధ్యలో తెలుగు మాట తేటగా ఎలా నిలబడాలో నేర్పే పాఠం మన జిల్లాలోనే ఉంది, రాక్ సింగర్లు అది వినాలని నాకు చాలా కోరిక.

డబ్బు, హక్కుల సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం అవుద్ది. పైన చెప్పిన నార్మన్ పెట్టీ తన చేతిమీదుగా వచ్చిన పాటలు చాలావాటికి రచయితగా తన పేరు కూడా వేసుకున్నాడు, అంటే పాట మోగినంతకాలం వాటా. ఆల్బీని దీనికి పూర్తిగా వ్యతిరేకం, నిర్వాణ దగ్గర ఒకేసారి లక్ష డాలర్ల ఫీజు తీసుకుని రాయల్టీ వద్దన్నాడు. మన దేశంలో కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కి కర్త ప్రొడ్యూసరే, అంటే దాన్ని చేయించే చొరవా బాధ్యతా తీసుకున్నవాళ్ళు, ఇప్పటిదాకా నేను చెప్పిన ప్రొడ్యూసరే కానక్కర్లేదు. మాటలకీ ట్యూన్‌కీ హక్కు దానికి వేరు, 2012 సవరణ తర్వాత ఆ రాసినవాళ్ళు తమ రాయల్టీ వాటాని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప బయటివాళ్ళకి రాసిచ్చేయడం కుదరదు. స్నేహం మీద ఫ్రీగా చేసిపెట్టే అన్న అయినా సరే, మాటలెవరివి, ట్యూన్ ఎవరిది, రికార్డింగ్ ఎవరి సొంతం, సెషన్ ఫైల్స్ ఎవరి హార్డ్ డిస్క్‌లో ఉంటాయి, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకుని అప్పుడు రికార్డ్ బటన్ నొక్కండి.

మరి అలాంటి మనిషి మన దగ్గర ఎక్కడ దొరుకుతాడు అంటే, నేనైతే ముందు చర్చిల వైపు చూస్తా. గుంటూరు, విజయవాడల్లో ప్రతి ఆదివారం డ్రమ్స్, బేస్, గిటార్, కీబోర్డ్, గొంతులు అన్నీ కలిపి లైవ్‌లో తూకం వేసే కుర్రాళ్ళు ఉన్నారు, మోగే హాల్లో, సరిగ్గా లేని స్పీకర్లతో, ముసలాళ్ళకి మాట వినపడాలి కుర్రాళ్ళకి ఊపు రావాలి అనే ఒత్తిడిలో. క్రైస్తవ పాటల రికార్డింగ్ చేసే చిన్న స్టూడియోల్లో కూడా మంచి చెవులున్నవాళ్ళున్నారు. వాళ్ళు రాక్ వినకపోయినా ఫర్వాలేదు, జార్జ్ మార్టిన్ కూడా అటు మనిషి కాదు. స్టూడియోకి కాదు, ముందు రిహార్సల్‌కి పిలవండి, చేతికి పాట రాసిన కాగితం, పెన్ను ఇవ్వండి. పాట ఆపకుండా వాయించండి. తనకి ఎక్కడ మనసు పక్కకి పోయిందో అక్కడ ఒక గీత పెట్టమనండి, ఎక్కడ తల ఎత్తి మీ వైపు చూశాడో అక్కడ ఇంకో గుర్తు పెట్టమనండి. ఆ రెండు రకాల గుర్తులూ ఎక్కడ పడ్డాయో చూసి, ఆ వారం ప్రాక్టీస్ అక్కడ్నుంచి మొదలెట్టండి.